జేపీని గెలిపించాం, జేపీ చెప్పింది మాత్రం వినలేదు

2009 ఏప్రిల్ 16, గురువారం. పొద్దున్నే కె.పి.హెచ్.బి. కాలనీలో ఒక స్కూలు ముందు లైన్లో నించున్నాను. నా ముందు ఓ ముప్ఫై నలభై మంది. అందులో సగం మంది నా బోటి వాళ్ళేనని చూడగానే తెలిసిపోతోంది. ఒకాయనైతే సెలవు రోజున కూడా మెళ్ళో ఆఫీసు బ్యాడ్జీ తగిలించుకుని వచ్చాడు. గుర్తింపు కార్డు అడిగితే అదే చూపిద్దామని కాబోలు! ఓటు హక్కు వచ్చి చాలా ఏళ్ళయినా నేను ఓటెయ్యడం అదే మొదటిసారి. లోపలికెళ్ళాను, ఈల గుర్తు వెతుక్కున్నాను, నొక్కాను. బయటికొచ్చాక రోడ్డు పక్క బండి దగ్గర నలుగురం ఇడ్లీ తిన్నాం. ఏదో ఘనకార్యం చేసినట్టు ఒకళ్ళ వేళ్ళు ఒకళ్ళకి చూపించుకున్నాం.

సరిగ్గా నెల తర్వాత, మే 16న లెక్కింపు. కూకట్‌పల్లిలో లోక్‌సత్తా పార్టీ జయప్రకాశ్ నారాయణ పదిహేను వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఆ రాత్రి మా రూములో బిర్యానీ పార్టీ. మా రూమ్మేటు ఒకడు ఎక్కణ్ణుంచో ప్లాస్టిక్ ఈల కొనుక్కొచ్చి అర్ధరాత్రి దాకా ఊదాడు. కింది వాటా వాళ్ళు వచ్చి తిట్టి వెళ్ళారు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? 2023 నవంబర్లో తెలంగాణ ఎన్నికల ముందు మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు నా దగ్గరికొచ్చాడు. "అన్నా, మా నియోజకవర్గంలో అందరి అఫిడవిట్లూ చదివాను. ఒక్కడూ నచ్చలేదు. మీ టైములో జేపీ ఉన్నాడు కదా, మీకు ఈజీ" అన్నాడు. 'మీ టైములో' అన్న మాటకి ముందు కాస్త బాధేసింది, అది వేరే సంగతి. కానీ వాడన్నది నిజం. మాకు చాలా ఈజీ అయింది. అంత ఈజీ అవడం వల్లే మేమొక పెద్ద విషయం వదిలేశాం అని ఇన్నేళ్ళ తర్వాత నాకనిపిస్తోంది. అదేంటో చెప్పాలంటే ముందు ఆయన గురించి, ఆయన చెప్పిన వాటి గురించి కొంచెం చెప్పుకోవాలి.

ముందు మనిషి సంగతి. నాగభైరవ జయప్రకాశ్ నారాయణ 1956లో మహారాష్ట్రలోని నాగ్‌భీడ్‌లో పుట్టారు. పెరిగింది కృష్ణా జిల్లా ఈడుపుగల్లులో. విజయవాడ లయోలా కాలేజీలో చదివి, గుంటూరు మెడికల్ కాలేజీలో డాక్టరీ పూర్తి చేశారు. అక్కణ్ణుంచి 1980లో ఐ.ఏ.ఎస్. ప్రకాశం, తూర్పు గోదావరి జిల్లాలకి కలెక్టరుగా చేశారు. గవర్నరుకీ, ముఖ్యమంత్రికీ కార్యదర్శిగా కూడా పనిచేశారు. పదహారేళ్ళ సర్వీసు తర్వాత, అందరూ ఇక ప్రమోషన్లు లెక్కపెట్టుకునే వయసులో, 1996లో రాజీనామా చేసేశారు. అప్పుడు మొదలైంది లోక్‌సత్తా ఉద్యమం. పదేళ్ళు ఉద్యమంగానే నడిచాక 2006 అక్టోబర్ 2న అది పార్టీ అయింది.

మన భాషలో చెప్పాలంటే రెజ్యూమె అదిరిపోయింది. ఎం.బి.బి.ఎస్., ఐ.ఏ.ఎస్., కేసుల్లేవు, మాట మీద పట్టుంది, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ధారాళంగా మాట్లాడతాడు. ఇంకేం కావాలి? పైగా ఆ సంవత్సరం మన పరిస్థితి గుర్తు తెచ్చుకోండి. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. హైదరాబాదులో ఐటీ ఉద్యోగం చేసేవాడెవడికీ ఆ రోజు మధ్యాహ్నం భోజనం సహించలేదు. అటు అమెరికాలో మాంద్యం, ఇటు మాలో సగం మంది బెంచి మీద. నిజాయితీ అన్న మాట వింటేనే ప్రాణం లేచొచ్చే రోజులు. అలాంటప్పుడు 'ఒక్క రూపాయి పంచం, ఒక్క సీసా పంచం' అంటూ ఒక మాజీ కలెక్టరు మన వీధిలోకొచ్చి నించుంటే ఇంకెవరికి వేస్తాం?

ఇక్కడ ఒక తమాషా ఉంది. మేం చూసిన ఆ 'రెజ్యూమె', అదే అఫిడవిట్, మనకి అందుబాటులోకి రావడం వెనక ఆయన పాత్ర కూడా ఉంది. అభ్యర్థుల నేర చరిత్ర, ఆస్తులు, చదువు ఓటరుకి తెలియాలని 2002 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పార్టీలన్నీ (అవును, అన్నీ) ఒక్కటై ఆ తీర్పుని నీరుగార్చే చట్టం తెచ్చుకున్నాయి. దాని మీద మళ్ళీ కోర్టుకెళ్ళిన వాళ్ళలో లోక్‌సత్తా ఒకటి. 2003 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని అడ్డుపుల్ల తీసేసింది. అంతకుముందే 1999 ఎన్నికల్లో మన రాష్ట్రంలో నేర చరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితా బయటపెట్టింది కూడా లోక్‌సత్తానే. ఇవాళ మా టీములో కుర్రాడు ఫోనులో నాలుగు అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటున్నాడంటే, ఆ సౌకర్యం దానంతటది ఊడిపడలేదు. ఆయన ఎమ్మెల్యే అవకముందు, ఏ పదవీ లేకుండా, మరికొందరితో కలిసి సాధించిన పని అది. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికొస్తాను.

మనిషి సంగతి అయింది. ఇప్పుడు ఆయన ఏం చెప్పాడన్నది చూద్దాం. ఆ రోజుల్లో ఆయన ఉపన్యాసాలు నేను బోలెడు విన్నాను. 'అబ్బ, ఎంత క్లారిటీ!' అనుకుంటూ విన్నాను. విన్నానే గానీ అర్థం చేసుకున్నానా అంటే, లేదనే చెప్పాలి.

ఆయన వాదనలో మొదటి ముక్క ఇది. మన వ్యవస్థలో ఎమ్మెల్యే పని చట్టాలు చెయ్యడం, ప్రభుత్వాన్ని నిలదియ్యడం. కానీ ముఖ్యమంత్రి కుర్చీ నిలబడేది ఆ ఎమ్మెల్యేల లెక్క మీదే. అందుకని వాళ్ళని సంతోషపెట్టాలి. ఎలా? వాళ్ళ నియోజకవర్గంలో ఏ ఎస్సై ఉండాలో, ఏ ఎమ్మార్వో ఉండాలో, ఏ కాంట్రాక్టు ఎవరికి పోవాలో వాళ్ళకే వదిలెయ్యాలి. అంటే నిలదియ్యాల్సినవాడే వాటాదారుడయ్యాడు. కోడ్ రాసినవాడే టెస్టింగ్ చేసి, తనే సైనాఫ్ ఇచ్చుకుంటే ఆ ప్రాజెక్టు గతేమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? దీనికి ఆయన చెప్పిన మందు ముఖ్యమంత్రిని జనమే నేరుగా ఎన్నుకోవడం, శాసనసభని దాన్నుంచి విడదియ్యడం.

రెండోది దామాషా పద్ధతి. ఇది అప్పట్లో నాకు మరీ పుస్తకాల గొడవ లాగా అనిపించింది. ఆ ఎన్నికల ఫలితాలే దీనికి మంచి ఉదాహరణ. మొత్తం 294 సీట్లు. కాంగ్రెసుకి 36, 37 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు 156. అంటే సగం కంటే ఎక్కువ. చిరంజీవి ప్రజారాజ్యానికి 16 శాతం పైన ఓట్లొచ్చాయి, సీట్లు 18. అంటే ఆరు శాతం. ఓట్ల లెక్కన పంచితే వాళ్ళకి నలభై ఏడు దాకా రావాలి. ఈ పద్ధతిలో నియోజకవర్గానికి ఒక్కడే గెలుస్తాడు కాబట్టి, ఎంత ఖర్చు పెట్టైనా సరే ఆ చివరి రెండు మూడు శాతం ఓట్లు కొనుక్కోవాలి, డబ్బూ మద్యం వచ్చేది అక్కడే అన్నది ఆయన వాదన. (లోక్‌సత్తాకి వచ్చింది రెండు శాతం లోపే. దామాషా పద్ధతిలో మామూలుగా ఉండే కనీస శాతం నిబంధన పెడితే ఆ ఒక్క సీటూ వచ్చేది కాదేమో. తనకి నష్టమైనా సరే చెప్పాడు, అది ఒప్పుకోవాలి.)

మూడోది, ఆయన అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది, స్థానిక ప్రభుత్వాలు. మన మురిక్కాలవ, మన వీధి దీపం, మన బడి, మన ఆరోగ్య కేంద్రం, వీటి మీద పెత్తనం మన వార్డులోనో మన ఊళ్ళోనో ఎన్నికైన వాళ్ళకి ఉండాలి. తలకింత అని డబ్బు నేరుగా వాళ్ళకే ఇవ్వాలి. కట్టిన పన్నుకీ జరిగిన పనికీ సంబంధం కంటికి కనపడాలి. అప్పుడే ఓటు విలువ తెలుస్తుంది అనేవారు. 1992లో 73, 74 రాజ్యాంగ సవరణలు చేసుకున్నాం. కానీ హైదరాబాదునే చూడండి. కార్పొరేషన్ కమిషనరుని వేసేది రాష్ట్ర ప్రభుత్వం. మంచినీళ్ళకి రాష్ట్రం చేతిలో ఉన్న వేరే బోర్డు. కరెంటుకి ఇంకో సంస్థ. పోలీసులు రాష్ట్రం కింద. మేయరు గారికి మిగిలేది రిబ్బన్ కత్తెర.

ఇవి కాక బెల్టు షాపులు మూయించడం, ప్రతి బిడ్డకీ మంచి చదువు, అందరికీ వైద్యం, అడిగిన సర్టిఫికెట్టు గడువులోగా ఇవ్వకపోతే అధికారికి జరిమానా. ఉచిత కలర్ టీవీలు ఇస్తామని ఒక ప్రధాన పార్టీ వాగ్దానం చేసిన ఎన్నికలవి. ఆ గోలలో ఈయన బడుల గురించీ, వార్డుల గురించీ మాట్లాడుతూ తిరిగారు.

సరే, గెలిపించాం. ఆ తర్వాత ఆరు నెలలకి, 2009 నవంబర్లో, హైదరాబాదు కార్పొరేషన్‌కి ఎన్నికలొచ్చాయి. పన్నెండు మునిసిపాలిటీలని కలిపేసి 2007లో గ్రేటర్ చేశాక జరిగిన మొట్టమొదటి ఎన్నికలవి. మొత్తం 150 వార్డులు. లోక్‌సత్తా నిలబడింది. ఎన్ని గెలిచిందో తెలుసా? సున్నా. కాంగ్రెసుకి 52, తెలుగుదేశానికి 45, మజ్లిస్‌కి 43, బీజేపీకి 5, ప్రజారాజ్యానికి ఒకటి, స్వతంత్రులకి నాలుగు. ఆరు నెలల క్రితం జేపీకి డెబ్భై వేల ఓట్లేసిన కూకట్‌పల్లిలో ఒక్క వార్డు కూడా ఈల ఊదలేదు.

ఆ రోజు నేనెక్కడున్నానో చెప్పనా? ఇంట్లోనే ఉన్నాను. పోలింగు బూత్ మా సందు చివరే. సెలవు దొరికింది కదా అని పదకొండింటి దాకా పడుకుని, లేచి, సినిమా డౌన్లోడ్ చేసుకుని చూశాను. మా రూములో నలుగురికి నలుగురం అంతే. ఈల ఊదినవాడు వాళ్ళ ఊరెళ్ళాడు. మా వార్డులో లోక్‌సత్తా తరఫున ఎవరు నిలబడ్డారో కూడా నాకు తెలీదు. మేమే కాదు, ఆ ఎన్నికల్లో నగరంలో సగం మంది కూడా ఓటెయ్యలేదు.

ఇది నన్ను ఇప్పటికీ గుచ్చే విషయం. ఒక మనిషి మూడేళ్ళపాటు గొంతు చించుకుని 'అసలు సంగతి మీ వార్డులో ఉంది, అసెంబ్లీలో కాదు' అని చెప్పాడు. మేం చప్పట్లు కొట్టి ఆయన్ని అసెంబ్లీకి పంపించి, వార్డు ఎన్నిక రోజున దుప్పటి ముసుగేసుకున్నాం. మేం ఓటేసింది రెజ్యూమెకి. ఆ రెజ్యూమె కింద ఆయన రాసుకున్న ప్లాను మేం చదవనే లేదు.

ఇక అసెంబ్లీలో ఏమైంది? 294 మందిలో ఒక్కడు. ఒక్క సభ్యుడున్న పార్టీకి మాట్లాడే టైము కూడా ఆ లెక్కనే ఉంటుంది. 2009 డిసెంబర్ 9 తర్వాత రాష్ట్రంలో తెలంగాణ తప్ప ఇంకో ప్రశ్న లేకుండా పోయింది. సభ జరిగిన రోజుల కంటే వాయిదా పడ్డ రోజులే గుర్తున్నాయి. 2011 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఆవరణలోనే, పత్రికల వాళ్ళతో మాట్లాడుతుండగా, ఆయన మీద చెయ్యి చేసుకున్నారు. ఆ వార్త టీవీలో చూసి ఆఫీసు క్యాంటీన్లో అందరం కాసేపు చాలా ఆవేశపడ్డాం. తర్వాత మీటింగుకి టైమైందని లేచి వెళ్ళిపోయాం. 2014లో ఆయన మల్కాజిగిరి నుంచి పార్లమెంటుకి పోటీ చేసి ఓడిపోయారు. 2016లో పార్టీ ఎన్నికల రాజకీయాలకి దూరంగా ఉంటుందని ప్రకటించారు. అయిపోయింది.

తప్పంతా మాదేనా, ఆయనది లేదా? ఉంది. నా మటుకు మూడు కనిపిస్తాయి. మొదటిది, ఉన్న కొద్దిపాటి బలాన్ని రాష్ట్రమంతా పరిచేశారు. 2009లోనే రెండొందలకి పైగా సీట్లలో పోటీ చేశారు. అదే శక్తి పది నియోజకవర్గాల్లో, ఆ పదింటిలోని వార్డుల్లో పెట్టి ఉంటే ఎలా ఉండేదో. కిందనుంచి కట్టుకు రావాలని చెప్పిన మనిషి తన పార్టీని మాత్రం పైనుంచి కట్టాడు. రెండోది, ఆయన ప్లానులో అసెంబ్లీ చేతిలో ఉన్నవీ, లేనివీ కలిసిపోయాయి. స్థానిక ప్రభుత్వాలకి అధికారాలిచ్చే చట్టం రాష్ట్రం చెయ్యగలదు. బడులు, ఆసుపత్రులు బాగు చెయ్యగలదు. కానీ ముఖ్యమంత్రిని నేరుగా ఎన్నుకోవాలన్నా, దామాషా పద్ధతి రావాలన్నా పార్లమెంటు తలచుకోవాలి, రాజ్యాంగమో దేశం మొత్తానికి ఉన్న ఎన్నికల చట్టమో మారాలి. కూకట్‌పల్లి ఎమ్మెల్యే వల్ల అయ్యే పని కాదది. మూడోది కాస్త లోతైనది. దానికి మా వాచ్‌మన్ సంగతి చెప్పాలి.

2010 వేసవిలో అనుకుంటా, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఒకరోజు మెట్ల దగ్గర ఆపాడు. "సారూ, గెలిచిన ఎమ్మెల్యే సారు మీకు ఎరుకేనా? మీరంత ఆయనకే ఏసిండ్రట గద. నా బిడ్డకి హాస్టల్ల సీటు గావాలె. ఒక్క ఉత్తరం ఇప్పిస్తరా?" అన్నాడు.

నేను పెద్ద మేధావిలా, ఉపన్యాసాల్లో విన్నదంతా వాడికి అప్పజెప్పాను. ఎమ్మెల్యే పని ఉత్తరాలివ్వడం కాదు, చట్టాలు చెయ్యడం, ఇలా ఉత్తరాలు అడగబట్టే వ్యవస్థ ఇలా తయారైంది, వగైరా. వాడు మర్యాదగా అంతా విని, "మంచిగనే చెప్పిండ్రు సారూ. మరి సీటు ఎవలిస్తరు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఎమ్మెల్యే ఆఫీసుకెళ్ళి కనుక్కుందామన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నాకు ఎమ్మెల్యేతో ఏం పని? రేషను కార్డు అక్కర్లేదు. పెన్షను అక్కర్లేదు. జబ్బు చేస్తే కంపెనీ ఇన్సూరెన్సు. నీళ్ళు రాకపోతే ట్యాంకరు. కరెంటు పోతే జెనరేటరు. పిల్లలకి ప్రైవేటు స్కూలు. మాకు ఎమ్మెల్యేతో పనిలేదు కాబట్టే అంత తేలిగ్గా మంచివాణ్ణి ఎన్నుకోగలిగాం. పని ఉన్నవాడికి అంత తీరిక ఉండదు. వాడికి ఎమ్మెల్యే ఉత్తరమనేది అవినీతి కాదు, తలుపు. ఆ తలుపు తప్పు చోట ఉందని జేపీ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ సరైన చోట కొత్త తలుపు పెట్టేదాకా పాత తలుపు దగ్గర నించున్నవాడికి ఏం చెప్తావు? 2004లో రైతుకి ఉచిత కరెంటు, 2007లో ఆరోగ్యశ్రీ, 2008లో రెండు రూపాయల బియ్యం చూసినవాడికి 'వ్యవస్థ మారాలి' అన్న మాట ఎంత వరకు ఆనుతుంది? పేదవాడికి అర్థమయ్యే భాషలో ఆ జవాబు లోక్‌సత్తా చెప్పలేకపోయింది. చెప్పే బాధ్యత మా లాంటి మద్దతుదార్లది కూడా. మేం మా క్యాంటీన్ దాటి బయటికి పోలేదు.

'అదేం కాదు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ జనం ఎక్కువ కాబట్టి, కులం లెక్కలు కుదిరాయి కాబట్టి గెలిచాడు' అనేవాళ్ళున్నారు. ఆ లెక్క అసలే పనిచెయ్యలేదని నేననను. మన దేశంలో ఎక్కడ పనిచెయ్యదు కనక? కానీ అదే ఊరు, అదే జనం, అవే కులాలు. ఆరు నెలల్లో ఆ డెబ్భై వేల ఓట్లు ఎటు పోయాయి? కులం లెక్క ఏప్రిల్లో పనిచేసి నవంబర్లో సెలవు పెట్టదు కదా. సెలవు పెట్టింది మేం.

ఆ కుర్రాడికి ఇవన్నీ చెప్పి, చివర్లో వాడికి పనికొచ్చేది మూడు ముక్కల్లో చెప్పాను. అఫిడవిట్ చదువు, మంచిదే. కానీ అది మొదటి రౌండ్ ఇంటర్వ్యూ లాంటిది. కేసులున్నవాణ్ణి పక్కన పెట్టడానికి పనికొస్తుంది, మంచి ఎమ్మెల్యేని వెతకడానికి సరిపోదు. రెండు, అభ్యర్థి చెప్పే ప్రతి వాగ్దానం పక్కన ఒక గడి గీసి, ఇది ఎవరి చేతిలో ఉంది అని రాసుకో. వార్డా, అసెంబ్లీయా, పార్లమెంటా? రోడ్డు గుంతలు పూడుస్తానని ఎంపీ అభ్యర్థి చెప్తున్నా, రాజ్యాంగం మారుస్తానని ఎమ్మెల్యే అభ్యర్థి చెప్తున్నా కొంచెం ఆగి ఆలోచించు. మూడు, ఆయన గెలిచాక నీ పనేంటో కనుక్కో. ఏమీ లేదంటే నువ్వు ఓటెయ్యలేదు, టికెట్టు కొనుక్కున్నావు.

వాడు కాసేపు ఆలోచించి, "అంటే జేపీ ఫెయిలయినట్టేనా అన్నా?" అనడిగాడు.

ఎమ్మెల్యేగా అంటే, నాకు తెలిసి ఆయన కోరుకున్నది పెద్దగా జరగలేదు. కానీ నీ ఫోనులో ఆ అఫిడవిట్లు ఉన్నాయి కదా అన్నాను. ఆయన పేరు మనం చెప్పుకునేది ఆ ఐదేళ్ళ ఎమ్మెల్యేగిరీ గురించి. మిగిలింది మాత్రం అంతకుముందు పదవీ లేకుండా చేసిన పని. ఒక్క మంచివాడు పైన కూర్చుంటే అంతా బాగుపడుతుందన్న మన నమ్మకానికి ఆయన జీవితమే సమాధానం. ఆయన కూడా చెప్పింది అదే, మనం వినలేదు గానీ.

2020 డిసెంబర్ 1న మళ్ళీ గ్రేటర్ ఎన్నికలొచ్చాయి. కరోనా రోజులు. యంత్రాలు కాదు, బ్యాలెట్ పేపర్లే. ఈసారి ముందు రోజే మా వార్డు అభ్యర్థుల పేర్లన్నీ కూర్చుని చదివాను. (ఈల లేదు. నచ్చినవాడూ లేడు. ఉన్నవాళ్ళలో వార్డులో కాస్త తిరిగే మనిషిని ఎంచుకున్నాను.) మాస్కు కట్టుకుని పొద్దున్నే వెళ్ళాను. నలభై మంది లైను ఉంటుందని పుస్తకం కూడా పట్టుకెళ్ళాను. ఐదుగురున్నారు. ఇద్దరు రిటైరయిన పెద్దవాళ్ళు, ఒక పూలమ్మే ఆవిడ, మా వాచ్‌మన్, వాడి భార్య. ఐటీ వాడన్నవాడు ఒక్కడూ లేడు. ఆ రోజు కూడా నగరంలో సగం మంది ఇళ్ళలోనే ఉండిపోయారు.

నన్ను చూసి మా వాచ్‌మన్ మాస్కు కిందికి లాగి ఆశ్చర్యంగా అడిగాడు.

"సారూ, గీ ఓటుకి మీరు గూడ వస్తరా?"